చిట్టి ఆపరేషనూ, ఓ పెరుగన్నం ముద్దా

చిట్టికి నిన్ననే కుట్లు తీశారు. వేడి ఆరకముందే రాసేస్తున్నాను.

చిట్టి అంటే రెండేళ్ళ కిందట వానల్లో మా అమ్మాయి కాలవగట్టు మీంచి చున్నీలో చుట్టి తెచ్చిన ఊరకుక్క. విజయవాడలో మా వీధి మొత్తానికి అది తెలుసు. మగకుక్కలకైతే మరీను. ఇంచుమించు ఆర్నెల్లకోసారి అది ఎదకు రావడం, మూడు వారాల పాటు మా గేటు ముందు ధర్నా. మొన్నటిసారి ఒకటి గోడ కూడా దూకింది. కుక్కకి కడుపు నిలిస్తే అరవై మూడు రోజులే, పిల్లలు ఆరైనా పుడతాయి, ఎనిమిదైనా పుడతాయి. ఎవరికిస్తాం? అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం.

మునిసిపాలిటీ వాళ్ళు ఊరికే చేస్తారుగా అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. అది వీధికుక్కలకయ్యా. పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి కొసన గుర్తుగా గాటు పెట్టి, పట్టుకున్న చోటే వదిలేస్తారు. ఇంట్లో పెంచుకున్నదానికి చేయించే బాధ్యత యజమానిదేనని కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది.

ముందు ఒక డాక్టరు దగ్గరికెళ్తే, ఒక్కసారన్నా ఈననివ్వండి, లేకపోతే ఒంటికి మంచిది కాదు అన్నాడు. రెండో ఆయన ఆ మాట విని నవ్వాడు. ఈనడం వల్ల ఒరిగేదేమీ లేదట. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల బెడద బాగా తగ్గుతుందట. ఎప్పుడు చేయించినా పెద్దయ్యాక గర్భసంచికి చీము పట్టే జబ్బు తప్పుతుంది. అయితే ఎదలో ఉండగా చేస్తే రక్తం ఎక్కువ పోతుందని రెండు నెలలు ఆగమన్నాడు. ఆగాం. రక్తపరీక్ష బాగానే వచ్చింది. రాత్రి పది తర్వాత ఏమీ పెట్టొద్దు, తెల్లారేదాకా మంచినీళ్ళు మాత్రం తాగొచ్చు అన్నారు. సరేనన్నాను.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఒక్క సంతకం తేడా వచ్చిందని రోజుకి పదిమందిని వెనక్కి పంపుతాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి కాగితం ఇచ్చింది. రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు కదా అంటే, లేదండీ అని గీకి పారేశాను. మత్తుకి ముందు ఇచ్చే ఇంజెక్షన్ పొడిచారు. ఐదు నిమిషాలు కాలేదు, స్టీలు బల్ల మీద చిట్టి భళ్ళున కక్కింది. తెల్లగా పెరుగన్నం. అందులో కరివేపాకు కూడా.

డాక్టరు చేతి తొడుగులు ఊడదీసి, "ఇదేంటండీ?" అన్నాడు. నా నోట మాట లేదు. "మత్తులో ఉండగా ఇలా కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు కుక్క చచ్చిపోతే డాక్టరు చంపేశాడని నా మీదకొస్తారు. చదువుకున్నవాళ్ళే గదా మీరు?" తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద మా బ్యాంకు ఖాతాదారు ఒకాయన పామరేనియన్‌ని ఒళ్ళో పెట్టుకుని అంతా వింటున్నాడు. ఆర్నెల్ల కిందట నేను రెండుసార్లు తిప్పి పంపిన మనిషి. తల దించుకున్నాడు గానీ మీసం కింద నవ్వు దాగలేదు.

"మా అమ్మ పెట్టుంటుందండీ, పెద్దావిడ, తెలీదు" అన్నాను. డాక్టరు దూదితో ఆ అన్నాన్ని అటూ ఇటూ కదిపి, "బిస్కెట్లు కూడా ఆవిడేనా?" అన్నాడు.

బిస్కెట్లు నావే. ఐదింటికి వాకింగులో, అలవాటు కొద్దీ, జేబులోంచి రెండు. అప్పటిదాకా నాకే గుర్తు లేదు. అయినా ఆ గదిలో మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడేనండీ అన్నాను.

తూలుతున్న కుక్కని ఆటోలో వేసుకుని ఇంటికొస్తే అమ్మ గడపలోనే నిలబడి ఉంది. "వేలెడంత ముద్దేరా, కోత కోస్తారంటే ఖాళీ కడుపుతో ఎలా పంపను?" అంది. నేనేమీ అనలేదు. అనడానికి నాకు మొహం ఏది?

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి అమ్మ తనే ముందు రాత్రి నుంచి పస్తుంది. అది తిననిది నేనెలా తింటానురా అని. దాంతో వంటింటి వైపు ఎవరూ పోలేదు. ఆపరేషన్ గంటలో అయిపోయింది.

ఆ సాయంత్రం మాత్రం గుండె దిటవు చేసుకోండి. వణుకుతుంది, మూలుగుతుంది, మనల్ని గుర్తుపట్టనట్టు చూస్తుంది. పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా ఏమీ పెట్టకండి. నొప్పి కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి వెయ్యకండి, కుక్కకి అవి విషం. డాక్టరు ఇచ్చిన మందే.

కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గొట్టం కట్టారు. అమ్మ దానికి గ్రామఫోను అని పేరు పెట్టింది. ప్రతి గుమ్మానికీ అది టక్కున తగిలేది. నీళ్ళ గిన్నె మేమే ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. జాలిపడి మా అమ్మాయి ఓ పది నిమిషాలు విప్పిందో లేదో, ఒక కుట్టు ఎర్రబడింది. మీరు మాత్రం జాలిపడకండి. స్నానం కూడా కుట్లు తీసేదాకా వద్దు. ఖర్చు నాకు ఎనిమిది వేలు దాటింది. అందులో పాడు చేసిన మొదటి ఇంజెక్షన్ డబ్బులు కూడా వేశారు, అడగడానికి నోరు రాలేదు.

నిన్న కుట్లు తీయించడానికి అమ్మ కూడా వస్తానంది. లోపలికి వెళ్తూనే డాక్టర్ని, "ఇవాళ తినొచ్చా బాబూ, లేకపోతే ఇప్పుడే చెప్పు" అని అడిగింది. తినొచ్చమ్మా అన్నాడాయన. అమ్మ చేతిసంచీలోంచి టిఫిన్ డబ్బా తీసింది. నేను జేబులో చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను.