మూడుసార్లు నెగెటివ్ వచ్చిన నా టీబీ

రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, బెల్టుకి కొత్త కన్నం పెట్టుకోవాల్సి రావడం, ఇన్ని ఉన్నా కళ్లె పరీక్ష మాత్రం రెండుసార్లూ నెగెటివే. నేనైతే హమ్మయ్య అనుకుని ఊరుకున్నా. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ చూసి న్యుమోనియా అని లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, వారం వాడితే జ్వరం తగ్గింది కూడా, పది రోజులకి మళ్ళీ మొదలు. తర్వాత వెళ్ళిన ఛాతీ డాక్టర్ ఆ చీటీ చూడగానే మొహం చిట్లించారు. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుందట, జబ్బు పూర్తిగా పోదు గానీ కొన్నాళ్ళు అణిగుంటుంది, దాంతో పరీక్షల్లో దొరకడం ఇంకా కష్టం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కళ్లె ఎలా ఇచ్చారండీ?" అని. ఎలా ఏముంది, డబ్బాలో ఉమ్మిచ్చా అన్నా. నిజంగానే అది నీళ్ళలాంటి ఉమ్మే, ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది కాదు. మైక్రోస్కోప్‌లో కనపడాలంటే మిల్లీలీటరు కళ్లెలో 5 వేల నుంచి 10 వేల క్రిములైనా ఉండాలట. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్‌కి 130 చుట్టూ ఉంటే చాలు, దాని తర్వాత వచ్చిన అల్ట్రాకైతే 16 ఉన్నా సరిపోతుంది. సరే, అసలు శాంపిల్‌లోకే క్రిమి రాకపోతే ఎంత గొప్ప మిషనైనా ఏం చేస్తుంది చెప్పండి.

అందుకని ఘాటు ఉప్పునీళ్ళు నెబ్యులైజర్‌లో పట్టించి, పేగులు కదిలేలా దగ్గించి కళ్లె తీశారు. జీన్‌ఎక్స్‌పర్ట్ నెగెటివ్. అదే శాంపిల్‌లో కొంత కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి పంపారు. ఈలోగా నేను సొంత తెలివి చూపించి ఇగ్రా అనే రక్తపరీక్ష చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది, ఇక దొరికేసిందనుకుని పరిగెత్తుకెళ్ళా. "ఎప్పుడో ఒకప్పుడు క్రిమి ఒంట్లోకి వచ్చిందని చెప్తుందంతే, ఇప్పుడు జబ్బుగా మారిందో లేదో చెప్పదు" అన్నారు, చేతికి పొడిచే మాంటూ కూడా అంతేనట. సీటీ స్కాన్‌లో ట్రీ ఇన్ బడ్, అంటే చిన్న కొమ్మలకి మొగ్గలు వేసినట్టు మచ్చలు. అనుమానం బలపడింది, కానీ అవి వేరే ఇన్ఫెక్షన్లలో కూడా వస్తాయి కదా.

చివరికి బ్రాంకోస్కోపీ. గొంతులో మత్తు స్ప్రే కొట్టారు, నాలుక దుంగలా అయిపోయింది, మింగుతున్నానో లేదో నాకే తెలీలేదు. సన్నటి గొట్టం లోపలికి పంపి సీటీలో మచ్చ ఉన్న చోట సెలైన్ పోసి వెనక్కి లాగారు, సీసాలోకి మబ్బుగా ఉన్న నీళ్ళు వచ్చాయి. వాటిని అల్ట్రాలో పెడితే వచ్చిన రిపోర్టు: ట్రేస్. అంటే క్రిమి జాడ ఉంది గానీ చాలా కొంచెం, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెప్పడానికి చాలదు. ట్రేస్ ఒక్కదాన్నే నమ్ముకుని మందులు మొదలుపెట్టను, ఇంకో శాంపిల్ కావాలన్నారు డాక్టర్. నాకైతే ఏడుపొచ్చింది. కానీ గొట్టం పెట్టిన మర్నాడు పొద్దున దగ్గు తెగ వచ్చింది, చిక్కటి కళ్లె పడింది, అలా పడుతుందని ముందే చెప్పి డబ్బా చేతికిచ్చి పంపారు. అందులో పాజిటివ్, రిఫాంపిసిన్‌కి రెసిస్టెన్స్ లేదు. ఇన్ని తంటాలు పడి చివరికి దొరికింది మళ్ళీ ఓ డబ్బా కళ్లెలోనే!

ఆ రోజే నాలుగు రకాల మందులు మొదలు. బ్రాంకోస్కోపీ నీళ్ళ కల్చర్ 19వ రోజు పాజిటివ్ అయింది. అంతకుముందు ఉప్పునీళ్ళు పట్టించి తీసిన కళ్లె గుర్తుందా, దాని కల్చర్ 42 రోజులూ చూసి రిపోర్టు ఇచ్చారు. నెగెటివ్ అని.