అర సెకను దగ్గర దొరికిపోయిన విలన్

లేని యూజర్ పేరుతో లాగిన్ కొడితే 0.299 సెకన్లలో పొమ్మనాల్సిన సర్వర్ 0.807 సెకన్లు తీసుకుంది. వైరస్‌ల మీద థ్రిల్లర్ రాద్దామనుకునేవాళ్లు కథ ఇక్కడ మొదలుపెట్టొచ్చు. తెర నిండా పచ్చ అంకెలు జారుతుంటే హ్యాకర్ టకటకా కొట్టి బ్యాంకు ఖాళీ చేశాడని రాస్తే, కోడ్ రాసే పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఇది 2024లో లినక్స్ ప్రపంచంలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లను కుదించే టూల్, వేరే ప్రోగ్రాములూ వాడుకునే దాని కోడ్ భాగం, అంటే లైబ్రరీ, లిబ్‌ఎల్‌జెడ్‌ఎమ్ఏ. అందులో దూర్చింది వైరస్ కూడా కాదు, బ్యాక్‌డోర్. వైరస్‌లా ఫైలు నుంచి ఫైలుకు అంటుకోదు, దొడ్డి తలుపు గడియ తీసిపెట్టి తనను పెట్టినవాడి కోసం కాచుకుంటుంది.

విలన్ పేరు జియా టాన్. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు. 2021 నుంచి ఎక్స్‌జెడ్‌కు బుద్ధిగా ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపాడు. ఈలోగా వేరే పేర్లతో కొందరు మెయిళ్లలో ఎక్స్‌జెడ్ బాగోగులు చూసే పాత మెయింటెయినర్ వెంటపడ్డారు, పని నడవడం లేదు, ఇంకొకరికి అప్పగించమని. జీతం లేని చాకిరీతో అప్పటికే అలసిపోయిన మనిషి తాళాలు జియా టాన్ చేతికిచ్చాడు. నేనైతే నవలలో సగం పేజీలు దీనికే ఇస్తాను.

అసలు సరుకు రెండు టెస్ట్ ఫైళ్లలో దాచారు. కుదింపు టూల్ అన్నాక పాడైన ఫైళ్లతో టెస్టులు మామూలే, ఎవరూ విప్పి చూడరు. దాన్ని బయటికి లాగే బిల్డ్ స్క్రిప్ట్ (కోడ్‌ను ప్రోగ్రాంగా కట్టే ఆజ్ఞల చిట్టా) విడుదల కోసం కట్టిన మూటలో, అంటే రిలీజ్ టార్‌బాల్‌లోనే ఉంది, అందరూ కోడ్ చూసే గిట్‌లో లేదు. అదీ ఎక్స్86-64 (మామూలు ఇంటెల్, ఏఎండీ చిప్పుల) లినక్స్ మీద డెబ్ లేదా ఆర్‌పీఎం అనే ఇన్‌స్టాల్ ప్యాకేజీ కడుతుంటేనే మేల్కొంటుంది.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్‌కి నేరుగా ఈ లైబ్రరీతో పనే లేదు. డెబియన్ లాంటి లినక్స్ రకాలు అప్పట్లో సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రాం) కోసం ఎస్‌ఎస్‌హెచ్‌కి సొంతంగా ప్యాచ్ వేసేవి, ఆ దారమ్మట ఇదీ లోపలికొచ్చేది. వచ్చాక లాగిన్‌లో వాడే ఆర్‌ఎస్ఏ అనే రహస్య తాళం రకం, దాని కీ సరిచూసే ఫంక్షన్‌ను తనవైపు తిప్పుకుంటుంది. దాడి చేసేవాడి దగ్గరున్న ప్రైవేట్ కీతో సంతకమైన ఆజ్ఞ వస్తేనే నడుపుతుంది. అనుమానమొచ్చి టర్మినల్ నుంచి మామూలుగా సర్వర్ స్టార్ట్ చేస్తే మాత్రం నోరు మెదపదు. టర్మినల్ ఉందని చెప్పే టెర్మ్ వేరియబుల్ కనపడితే చాలు, పడుకుంటుంది.

ఇంత చేసీ తొందరపడ్డారు. ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌జెడ్ 5.6.0 వెర్షన్, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్‌లో ఎర్రర్లు కక్కింది. మార్చిలో 5.6.1 తెచ్చి, తప్పు జీసీసీ కంపైలర్‌దన్నట్టు సర్దేశారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ అప్పుడు డెబియన్ సిడ్ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్) మీద బెంచ్‌మార్క్, అంటే వేగం కొలిచే పరీక్ష, కోసం మెషీన్‌ను నిశ్శబ్దం చేసుకుంటున్నాడు. బయటి బాట్లు తప్పుడు పేర్లతో తలుపు కొడుతుంటే, వాటిని తిప్పి పంపడానికే ఎస్‌ఎస్‌హెచ్ బోలెడంత సీపీయూ తింటోంది. సమయం ఎక్కడ పోతోందో చూపే పెర్ఫ్ టూల్ పెట్టి చూశాడు. సమయమంతా లిబ్‌ఎల్‌జెడ్‌ఎమ్ఏలోనే పోతోంది, ఏ ఫంక్షన్‌లోనో మాత్రం పేరు రావడం లేదు.