డిస్‌ప్లే కాలిపోయిందన్నాడు షాపాయన

మొత్తానికి నిన్న రాత్రి మా వంటగది గోడ మీద డిస్‌ప్లేలో ట్యాంకు 64% అని వచ్చింది. ఆ ఊపులోనే ఇది రాస్తున్నా.

మాది మిర్యాలగూడ. ట్యాంకు నిండి మేడ మీంచి నీళ్లు ధారగా పడితే తప్ప మా ఇంట్లో ఎవరికీ మోటర్ సంగతి గుర్తురాదు. అందుకే నీటి మట్టం కింద కనపడేలా ఆర్డుయినో ఊనోతో (మనం రాసిన కోడ్ ఎక్కించుకుని నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒకటి చేద్దామనుకున్నాను. సెన్సర్ పని తొందరగానే అయిపోయింది. శబ్దం పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ తీసుకోండి, చాలు. ప్రాణం తీసిందల్లా డిస్‌ప్లే.

16 అక్షరాలు, 2 వరుసల ఎల్‌సీడీ అది. వెనకాల చిన్న బోర్డు అతికించి ఉండే ఐ టూ సీ రకం తెచ్చాను. ఐ టూ సీ అంటే రెండు తీగల మీదే సమాచారం పంపే పద్ధతి. బోర్డు లేనిదైతే ఊనోలో 6 పిన్నులు దానికే పోతాయి. దీనికి 5 వోల్టులు, గ్రౌండ్, ఎస్‌డీఏ (సమాచారం తీగ), ఎస్‌సీఎల్ (దానికి తాళం వేసే తీగ), 4 వైర్లతో సరి. ఊనోలో ఎస్‌డీఏ ఏ4 పిన్నుకి, ఎస్‌సీఎల్ ఏ5 పిన్నుకి వెళ్తాయి.

అన్నీ కలిపాను, వీడియోలో చెప్పిన కోడే ఎక్కించాను. లైటు వెలిగింది, పై వరుసలో 16 గళ్లు నల్లగా నిండాయి, కింది వరుస ఖాళీ. ఒక్క అక్షరం లేదు. వైర్లు మార్చినా, కేబుల్ మార్చినా అవే గళ్లు.

హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కొన్న షాపుకే పట్టుకెళ్లాను. ఆయన దాన్ని కరెంటుకు పెట్టి కూడా చూడలేదు. తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు! “కాలిపోయింది తమ్మీ. నువ్వే ఉల్టా కనెక్షన్ ఇచ్చినవ్” అన్నాడు. “లైటు వస్తుందన్నా, ఒక్కసారి పెట్టి చూడు” అంటే, పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లల వైపు తిరిగి “యూట్యూబ్ చూసి అందరూ ఇంజనీర్లయితున్రు” అని నవ్వాడు. వాళ్లూ నవ్వారు. పైగా కొత్తది కొనమని కౌంటర్ మీద ఇంకోటి పెట్టాడు. తీసుకోలేదు. మిర్యాలగూడ బస్సు దిగేదాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఇంతకీ పై వరుస గళ్లు నల్లగా నిండాయంటే ఎల్‌సీడీ కాలినట్టు కాదు. కరెంటు అందింది, కాంట్రాస్ట్ కూడా ఉంది, అక్షరాలు గీసే లోపలి చిప్‌కు (కంట్రోలర్) మన ఆదేశాలే చేరలేదు, అంతే. ఈ వస్తువులమ్మి బతికే మనిషికి ఆ ముక్క తెలియొద్దా?

ఐ టూ సీ స్కానర్ అని చిన్న కోడ్ దొరుకుతుంది. తీగ మీద ఎవరెవరున్నారో పిలిచి చూసి, పలికిన వాళ్ల అడ్రసు చెప్తుంది. అది నడిపితే సీరియల్ మానిటర్‌లో, అంటే ఊనో పంపే మాటలు కంప్యూటర్‌లో కనపడే కిటికీలో, 0ఎక్స్3ఎఫ్ అని వచ్చింది. అదే నా డిస్‌ప్లే అడ్రసు. నేను చూసిన ప్రతి వీడియోలోనూ 0ఎక్స్27 అనే చెప్పారు, వేరేది ఉండొచ్చని ఒక్కరూ అనలేదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి వెనక బోర్డు మీది చిప్ చదివాను. పీసీఎఫ్8574 తర్వాత ‘ఏ’ ఉంది. ‘ఏ’ లేని చిప్ అయితే అడ్రసు 0ఎక్స్20 నుంచి 0ఎక్స్27 లోపు, ‘ఏ’ ఉంటే 0ఎక్స్38 నుంచి 0ఎక్స్3ఎఫ్ లోపు. షాపులో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపి పోస్తారు. కోడ్‌లో ఆ ఒక్క నంబరు మార్చగానే అక్షరాలు టక్కున వచ్చాయి. పాలిటెక్నిక్ కూడా చదవని నేను పట్టుకున్నాను దీన్ని, ముప్పై ఏళ్ల దుకాణం అని బోర్డు పెట్టుకున్నాయన కాదు.

మీకు గళ్లు కూడా రాకుండా ఉత్త లైటే వెలిగితే ముందు వెనకున్న నీలి రంగు స్క్రూ నెమ్మదిగా తిప్పండి, అది కాంట్రాస్ట్.

తర్వాతి చికాకు చిన్నది. 100% తర్వాత 99% రాస్తే పాత గుర్తు చెరగక 99%% అని మిగులుతుంది. ప్రతిసారీ క్లియర్ కొడితే తెర మిణుకుమంటుంది. % గుర్తు తర్వాత రెండు ఖాళీలు ప్రింట్ చేయండి, పోతుంది.

అమ్మ చూసి “గీ ఇంగ్లిష్ ఎందుకురా, తెలుగుల రాదా?” అంది. ఒక్కో గడి అడ్డం 5, నిలువు 8 చుక్కలు. మనం సొంతంగా గీసుకోగలిగే బొమ్మలు ఒకేసారి 8 మాత్రమే. అందులో ‘ళ్లు’ ఎక్కడ పడుతుంది? ఆ 8 బొమ్మల్నీ కింది నుంచి ఒక్కో గీత పెరిగే డబ్బాలుగా గీసి రెండో వరుసలో పెట్టాను. ఇప్పుడు అమ్మ అంకె చూడదు, డబ్బా చూసి మోటర్ ఆపేస్తుంది.

హుజూర్‌నగర్ మామయ్య తనకూ ఒకటి కావాలంటున్నాడు. చేసిస్తాను, సామాను మాత్రం ఆ షాపులో కొనను.