ఏసీపీ షీట్లు వేయించేటప్పుడు రంగు తర్వాత, ముందు కోర్ చూడండి – నా అనుభవం

మా బిల్డింగ్ ముందువైపు ఏసీపీ, అంటే రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య కోర్ అనే పొర పెట్టి చేసే షీట్లు, వేయిద్దామని కాంట్రాక్టర్లని పిలిస్తే వచ్చినవాళ్ళంతా రంగుల కేటలాగే చేతిలో పెట్టారు. వుడ్ ఫినిషా, మెటాలిక్కా, గ్లాసీనా అని అడుగుతారు గానీ రెండు రేకుల మధ్య ఏముందో ఎవరూ చెప్పరు. నా భయమంతా అక్కడే. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు, ఆ బిల్డింగ్‌కి బయట వేసింది ఈ రకం షీట్లే, కోర్ పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌ది. నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట బయటి షీట్లకి అంటుకుని పైదాకా పాకింది. అంతకుముందు 2014లో మెల్‌బోర్న్ లాక్రోస్ బిల్డింగ్‌లో అయితే బాల్కనీలో వదిలేసిన సిగరెట్ నుంచే మొదలైంది, అదృష్టం కొద్దీ అక్కడ ప్రాణాలు పోలేదు.

బయట వాడే 4 మి.మీ. షీట్‌లో మామూలుగా అల్యూమినియం రేకులు చెరో అర మి.మీ., మిగతా 3 మి.మీ. కోరే. అది ఉత్త పాలిథిలిన్ అయితే కిలోకి కిలో లెక్కన పెట్రోల్ ఇచ్చేంత వేడి ఇస్తుంది, పైగా కరిగి మండుతూ చుక్కలుగా కింద పడుతుంది. ఎఫ్ఆర్ (ఫైర్ రిటార్డెంట్, అంటే మంటని తట్టుకునే రకం) కోర్‌లో ఖనిజాల పొడి బాగా కలుపుతారు, ఏ2 అనే ఇంకా మెరుగైన రకంలో దాదాపు అంతా ఖనిజమే ఉంటుంది.

ఒకాయన నా ముందే షీట్ మీద లైటర్ పెట్టి చూడండి సార్ అంటుకోవట్లేదు అన్నాడు. రేకు మీద పెడితే ఏ షీటూ అంటుకోదు, అల్యూమినియం ఆ వేడిని చుట్టూ లాగేస్తుంది కాబట్టి, కోర్ కనపడేది కోసిన అంచు దగ్గరే. అందుకే నేను ప్రతి ఒక్కరి దగ్గరా శాంపిల్ ముక్క అడిగి తీసుకుని 20 సెం.మీ. చదరంగా కోయించి తూకం వేశాను. అర మి.మీ. రేకులున్న 4 మి.మీ. షీట్‌లో పాలిథిలిన్ ఉంటే ఆ ముక్క సుమారు 220 గ్రాములు తూగుతుంది, ఎఫ్ఆర్ అయితే 300 దగ్గరికి వస్తుంది. తూకం తక్కువగా ఉంటే రేకు మందం కూడా కొలిపించండి, పావు మి.మీ. రేకులేసి అమ్మేవాళ్ళు ఉన్నారు, అవి ఎండకి అలలు అలలుగా కనపడతాయి. ఎఫ్ఆర్ అని చెప్పి ఇచ్చిన ఒక శాంపిల్ తూకంలో పాలిథిలిన్ లెక్కకే సరిపోయింది, దాన్ని అక్కడితో వదిలేశాను. చివరికి ఒప్పుకున్నతన్ని కూడా టెస్ట్ రిపోర్ట్ అడిగాను, అది మనం కొనే మందానికీ అదే కోర్‌కీ ఇచ్చిందై ఉండాలి, కంపెనీ వేరే షీట్‌కి తెచ్చుకున్న కాగితం మనకి పనికిరాదు.

ఫ్రేమ్ దగ్గర నేను పట్టుబట్టింది ఒక్కటే. గోడకీ షీట్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, కింద నుంచి పైదాకా అది అలాగే వదిలేస్తే మంటకి పొగగొట్టం లాగా పనిచేస్తుంది, కాబట్టి ప్రతి అంతస్తు దగ్గరా రాక్‌వూల్‌తో (రాతి నారతో చేసిన, మండని దూది లాంటిది) ఫైర్ స్టాప్, అంటే మంట పైకి పాకకుండా అడ్డు, పెట్టించాను. కనపడని పని కాబట్టి దీన్ని ఎగ్గొట్టడం చాలా తేలిక, షీట్లు ఎక్కకముందే దగ్గరుండి చూసుకోండి, ఫోటోలు తీసి పెట్టుకోండి. ఫ్రేమ్ ఇనుముదైతే అల్యూమినియం నేరుగా దానికి తగలకుండా మధ్యలో రబ్బరు టేప్ వేయించాలి, లేకపోతే తడి తగిలినచోట అల్యూమినియం తుప్పు పట్టినట్టు తినుకుపోతుంది.

షీట్‌ని ట్రేలాగా మడవడానికి వెనకవైపు వి ఆకారంలో గ్రూవ్ కొడతారు. బ్లేడు ముందు రేకుని తాకకూడదు, దాని మీద కొద్దిగా కోర్ మిగలాలి, తాకిందంటే మడతలో పగులు వస్తుంది. మొదటి ట్రే మడత దగ్గర సన్నటి గీత కనపడితే మెషిన్ మళ్ళీ సెట్ చేయించి ఆ షీట్ పక్కన పెట్టించాను. షీట్ల మధ్య గ్యాప్ ఎందుకు, దగ్గరగా అతికిస్తే అందంగా ఉంటుంది కదా అని మా ఇంట్లోనే అడిగారు. 3 మీటర్ల షీట్ 50 డిగ్రీల తేడాకి మూడున్నర మి.మీ. దాకా సాగుతుంది, దానికి చోటు లేకపోతే ఉబ్బుతుంది. ఆ గ్యాప్‌లో బ్యాకర్ రాడ్ (మెత్తటి ఫోమ్ తాడు) పెట్టి పైన సిలికాన్ కొట్టారు.

షీట్ మీద గీతలు పడకుండా అంటించి వచ్చే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద బాణం గుర్తులుంటాయి, షీట్లన్నీ ఒకే దిక్కుకి పెట్టాలి, మెటాలిక్ రంగుల్లో ఒక్కటి తిరగేసినా వేరే షేడ్‌లాగా కొడుతుంది. పని అవ్వగానే ఫిల్మ్ పీకించేయండి, ఎండలో ఎక్కువ రోజులుంటే జిగురు పట్టేసి రాదు. బ్యాచ్ మారితే రంగు కూడా కొంచెం మారొచ్చు కాబట్టి అదే బ్యాచ్‌వి రెండు షీట్లు ఎక్స్‌ట్రా తీసుకుని, బ్యాచ్ నంబర్‌నీ తూకం వేసిన ముక్కనీ టెస్ట్ రిపోర్ట్‌తో కలిపి ఫైల్‌లో పెట్టాను.