అరవై దాటాక ఆగస్టు ఎండలో డిస్క్ గోల్ఫ్ పోటీ: నా అనుభవం

టెక్సాస్‌లోని ఆస్టిన్ దగ్గర ఒక పార్కులో గత ఆగస్టులో జరిగిన డిస్క్ గోల్ఫ్ పోటీలో, అరవై పైబడిన అమెచ్యూర్ల విభాగంలో నేను ఆడాను. ఒకే రోజు రెండు రౌండ్లు, రౌండుకు 18 హోల్స్. మధ్యాహ్నానికి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఉద్యోగ విరమణ తరువాత ఈ ఆటలోకి వస్తున్న మనవాళ్లు ఇక్కడ ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వేసవి పోటీకి పేరు ఇచ్చే ముందు వారికి పనికివస్తుందని, ఆ రోజును ఎలా గట్టెక్కానో వివరంగా రాస్తున్నాను.

గోల్ఫ్‌లో బంతి ఉన్నచోట ఈ ఆటలో డిస్క్, కన్నం ఉన్నచోట గొలుసులు వేలాడే ఇనుప బుట్ట ఉంటాయి. టీ (తొలి విసురు వేసే చోటు) నుంచి బుట్ట దాకా ఉన్నది ఒక హోల్. టీ దగ్గర మొదలుపెట్టి, డిస్క్ పడిన చోటి నుంచే మళ్లీ విసురుతూ, బుట్టలో వేయడానికి ఎన్నిసార్లు విసరవలసి వచ్చిందో లెక్కపెడతారు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో తొలి శాశ్వత కోర్సును (ఆట స్థలాన్ని) ఏర్పాటు చేసిన ఎడ్ హెడ్రిక్, మరుసటి ఏడాది ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించారు. గొలుసుల బుట్ట రూపకల్పన కూడా ఆయనదే. ఆ సంఘం నిబంధనల్లో నలభై, యాభై, అరవై, డెబ్భై పైబడినవారికి వేర్వేరు విభాగాలు ఉన్నాయి. ఆ సంవత్సరంలో ఎప్పుడు అరవై నిండినా, జనవరి నుంచే ఆ విభాగంలో ఆడవచ్చు. పరుగులు పెట్టనక్కరలేని ఆట కావడంతో మోకాళ్లకు భారం తక్కువ. అందుకే నేను దీనిని ఎంచుకున్నాను, ఇష్టపడ్డాను.

మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి, రోహిణి కార్తెలో రోళ్లు పగలడం గురించి వింటూ, అనుభవిస్తూ పెరిగినవాణ్ణి. అంతమాత్రాన ఇప్పటి శరీరం ఎండకు తట్టుకుంటుందని అనుకోవడానికి లేదు. దశాబ్దాలుగా ఇంట్లో, కారులో, ఆఫీసులో ఏసీకి అలవాటుపడిన ఒంటికి చిన్ననాటి ఓర్పు మిగలదు. దానిని మళ్లీ మెల్లగా అలవాటు చేయవలసిందే. ఎండకు ఒళ్లు సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని మా డాక్టరుగారు చెప్పడంతో, పోటీకి ముందు రోజూ సాయంత్రం నాలుగు గంటలకు, మొదట కొద్దిసేపు, తరువాత కొంచెం కొంచెంగా పెంచుతూ, డిస్కుల సంచీ మోస్తూ నడిచాను. ఆస్టిన్‌లో 2023 వేసవిలో వరుసగా 45 రోజులపాటు ఎండ 100 డిగ్రీలకు చేరింది. అటువంటి ఊళ్లో ఈ సాధన చేయకుండా ఆగస్టు పోటీలో దిగడం నా దృష్టిలో సాహసం అనిపించుకోదు, ప్రమాదమే.

డాక్టరుగారిని కలవడానికి మరో కారణం కూడా ఉంది. నేను బీపీకి వాడే మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంది. ఎండలో చెమటతోపాటు ఆ మార్గంలోనూ నీరు, ఉప్పు పోతాయి. పైగా వయసు మీద పడేకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది, అంటే గొంతు ఎండినట్లు అనిపించేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. మాత్ర మానమని ఆయన చెప్పలేదు, మీరూ సొంతంగా మానవద్దు. దాహంతో నిమిత్తం లేకుండా పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగమని, ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఉప్పు పలచబడుతుందని హెచ్చరించారు. అందుకని ఒక ఫ్లాస్కులో చల్లని నీళ్లు, ఇంకొకదానిలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసిన పలచని మజ్జిగ పెట్టుకున్నాను. సీటు ఉన్న రెండు చక్రాల బండి, దానికి బిగించే గొడుగు, మెడకు తడి తువ్వాలు, చేతులు తుడుచుకోవడానికి విడిగా రెండు పొడి తువ్వాళ్లు తీసుకువెళ్లాను.

పొడి తువ్వాళ్ల అవసరం ఆడేవారికి వెంటనే అర్థమవుతుంది. చెమట ముంజేతి మీదుగా జారి వేళ్ల మధ్యకు చేరితే డిస్క్ వదలవలసిన క్షణానికి ముందే జారిపోతుంది, కుడివైపున్న చెట్లలోకి వెళ్లవలసినది ఎడమవైపు పొదల్లోకి వెళుతుంది. ప్లాస్టిక్ కూడా ఎండకు మెత్తబడుతుంది. పొద్దున గట్టిగా ఉన్న పటర్ (దగ్గర నుంచి బుట్టలో వేయడానికి వాడే డిస్క్) మధ్యాహ్నానికి చేతిలో వంగిపోతుంది. కారులో వదిలేస్తే ఆకారమే చెడుతుంది. అందువల్ల పటర్లు రెండింటిని మజ్జిగ ఫ్లాస్కు పక్కనే చలువ సంచీలో ఉంచి, తీసిన ప్రతిసారీ మీది తడి తుడిచి వాడాను.

ఉదయపు రౌండు సాఫీగా సాగింది. ఆస్టిన్‌కు తూర్పున ఉన్న నేల మన గుంటూరు, పల్నాడు పొలాల్లోని నల్లరేగడి లాంటిదే. ఆగస్టుకు అరచెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, పైన బండలా గట్టిపడి ఉంటుంది. అలాంటి నేల మీద డిస్క్ పడినచోట ఆగదు. అంచు మీద లేచి, దొర్లుకుంటూ వాలులోకి పోతుంది. కనుక బుట్టను దాటేలా బలంగా విసరడం మానేసి, దూరం పోయే డ్రైవర్ డిస్కులకు బదులు మధ్య దూరానికి వాడే మిడ్‌రేంజ్ డిస్కులతో బుట్టకు ఇవతలే దించుతూ వచ్చాను. దీనివల్ల ఇంకొక లాభం కూడా కలిగింది. డిస్క్ పోతే వెతకడానికి 3 నిమిషాలు ఇస్తారు, బృందంలో అందరూ వెతకాలి. మోకాలెత్తు ఎండుగడ్డిలో నడినెత్తిన ఎండతో గడిపే ఆ 3 నిమిషాలు ఒక హోల్ ఆడినంత అలసటను తెస్తాయి. దారి తప్పని సాధారణమైన విసురు, ఒకరికే కాదు, నలుగురికీ శక్తిని మిగులుస్తుంది.

రెండు రౌండ్ల మధ్య దొరికిన గంటన్నరను ఆటలో భాగంగానే చూశాను. చాలామంది ప్రాక్టీసు బుట్ట దగ్గర పటింగ్ (దగ్గర నుంచి బుట్టలోకి విసరడం) చేస్తూ గడిపారు. నేను అటు వెళ్లలేదు. షెడ్డు కింద ఐసు నీళ్ల బకెట్టు పెట్టుకుని, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కూర్చున్నాను. ముంజేతుల్లో రక్తం చర్మానికి దగ్గరగా ప్రవహిస్తుంది కాబట్టి, అది చల్లబడి తిరిగి వెళ్లి ఒళ్లంతా చల్లబరుస్తుంది. అగ్నిమాపక సిబ్బంది కూడా ఈ పద్ధతినే పాటిస్తారు. మొదట వేళ్లు జిల్లుమని నొప్పిపుట్టాయి, కాసేపటికి గుండె దడ తగ్గి, కణతల దగ్గర కొట్టుకుంటున్న నరం నెమ్మదించింది. ఆ తరువాత నాలుగు ముద్దల పెరుగన్నం, ఒక నిమ్మకాయ బద్ద. కడుపునిండా తిని ఎండలోకి వెళ్లడం ఈ వయసులో పనికిరాదు. పక్క విభాగంలో ఆడుతున్న మన తెలుగు కుర్రాడు ఒకరు వచ్చి, "అంకుల్, మీరు పటింగ్ చేసుకోరా?" అని అడిగాడు. "ఇప్పుడు చేసేది కూడా దానికోసమేనయ్యా, నువ్వూ చేతులు ముంచు" అన్నాను. అతనూ ముంచాడు.

నిజమైన పరీక్ష రెండో రౌండులో ఎదురైంది. ఒక్కొక్కరి వంతుకు 30 సెకన్ల వ్యవధి ఉంటుంది కనుక, ఇతరులు విసురుతున్నంతసేపూ నేను దగ్గరలోని చెట్టు నీడనో గొడుగు కిందనో ఉండి, నా వంతు రాగానే బయటికి వచ్చేవాణ్ణి. తొమ్మిదో హోల్ దాటాక కాళ్లలో పట్టు సడలడం తెలిసింది. బుట్టకు 10 మీటర్ల లోపల విసిరినప్పుడు, నిలకడగా నిలబడ్డామని కనిపించాకే ముందుకు అడుగు వేయాలి. అలసిన కాలు ముందుకు తూలితే నియమభంగం అవుతుంది. అందుకని కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలాకే పటింగ్ చేశాను.

పన్నెండో హోల్‌లో మా బృందంలోని ఒక పెద్దాయన, నాకన్నా వయసులో పెద్దవారు, తన స్కోరు చెప్పవలసి వచ్చినప్పుడు నాలుగా, ఐదా అని తడుముకున్నారు. అప్పటిదాకా అందరి లెక్కా పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని చెప్పింది ఆయనే. ముఖం పాలిపోయి, మాట కాస్త ముద్దగా వస్తోంది. ఎండలో మాట తడబడడం, మనసు తికమకపడడం వడదెబ్బ లక్షణాలే, అలాంటప్పుడు కాసేపు చూద్దామని ఆగకూడదు. ఆట ఆపి ఆయనను నీడలో పడుకోబెట్టి, టోర్నమెంట్ డైరెక్టరుకు ఫోను చేశాం. నా తడి తువ్వాలు ఆయన మెడ మీద, ఇంకొకరి ఐసు సంచీ చంకల కింద పెట్టాం. బండి వచ్చేలోగా తన పేరు, మనవరాలి పేరు సరిగానే చెప్పారు. ఏసీ గదికి తీసుకువెళ్లి వైద్య సిబ్బంది చూశారు. సాయంత్రానికి కోలుకుని తన కుమారుడితో ఇంటికి వెళ్లారు. ఆడలేకపోయిన ప్రతి హోల్‌కూ పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన విసురుల లెక్కకు) నాలుగు కలిపి స్కోరు వేస్తారన్న భయంతో మా వయసువాళ్లు కొందరు అలాగే ఈడ్చుకుంటూ ఆడతారు. ఆ నాలుగు ఎంత తక్కువ ధరో ఆ రోజు చూసినవాళ్లం ముగ్గురం ఉన్నాం.

మిగిలిన హోల్స్‌ను తొందర పడకుండా పూర్తి చేశాం. పద్దెనిమిదో హోల్‌లో బుట్ట వెనకే చెరువు. దూరపు పట్ వేస్తే రెండో స్థానం దక్కే అవకాశం ఉంది, తప్పితే డిస్క్ గట్టి నేల మీద దొర్లి నీళ్లలో పడుతుంది. చేతులు వణుకుతున్నాయి, అందుకని బుట్ట పక్కన దించి, తరువాతి విసురుతో ముగించాను. మా విభాగంలో మూడో స్థానం వచ్చింది, దానితో నాకు పూర్తి తృప్తి.

స్కోరు కార్డులు సరిచూసుకున్నాక నిర్వాహకుల దగ్గరకు వెళ్లి, అరవై పైబడిన విభాగాల రెండో రౌండును మరునాడు ఉదయం 7 గంటలకు మార్చాలని, ప్రతి ఆరు హోల్స్‌కూ ఒక నీళ్ల డ్రమ్ము ఉంచాలని కోరాను. వారు శ్రద్ధగా విన్నారు. ఈ ఏడాది ప్రకటనలో మా విభాగం రెండు ఉదయాల మీద ఉంది, డ్రమ్ములు పెట్టే చోట్లు కూడా కోర్సు పటంలో గుర్తించి ఉన్నాయి. నేను పేరు ఇచ్చేశాను. ఆ పెద్దాయన కూడా ఇచ్చారు.