మోరాలెస్ గీతం, గార్బారెక్ శాక్సోఫోన్

ఈ ఆదివారం మధ్యాహ్నం, ఉతికి ఆరిన బట్టలు మడతపెడుతూ విందామని నార్వే శాక్సోఫోన్ విద్వాంసుడు యాన్ గార్బారెక్, హిలియర్డ్ ఎన్‌సెంబుల్ గాయకులతో కలిసి చేసిన ‘అఫీషియం’ ఆల్బమ్ పెట్టుకున్నాను. మొదటి గీతం సగానికి రాకముందే బట్టలు పక్కన పెట్టేశాను. ఈ సంగీతం వింటూ మరో పని చేయడం నాకు సాధ్యం కాదు.

1993 సెప్టెంబరులో ఆస్ట్రియాలోని సాంక్ట్ గెరోల్డ్ మఠంలో దీన్ని రికార్డు చేశారు. నిర్మాత మాన్‌ఫ్రెడ్ ఐషర్. మరుసటి ఏడాది ఆయన రికార్డుల సంస్థ ఈసీఎమ్ దీన్ని విడుదల చేసింది. మొదట వినిపించేది పదహారవ శతాబ్దపు స్పెయిన్ స్వరకర్త క్రిస్తోబల్ ద మోరాలెస్ కూర్చిన ‘పార్చే మిహి దోమినే’, అంటే బైబిల్‌లో యోబు గ్రంథంలోని విన్నపానికి కట్టిన లాటిన్ గీతం. నలుగురు పురుషులు పక్కవాద్యం లేకుండా, తొందర లేకుండా, ఒక్కొక్క అక్షరం మీద నిలుస్తూ కలిసి పాడుతుంటే, ఆ గొంతుల మధ్య నుంచి ఎక్కడ మొదలైందో పట్టుకోలేనంత మెల్లగా శాక్సోఫోన్ పైకి లేస్తుంది. ఆ వాద్యానికి పేటెంటు దక్కింది 1846లో. మోరాలెస్ మరణించింది 1553లో. అయినా ఆ నాదం బయటి నుంచి వచ్చి చేరినట్లు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఎందుకు అనిపించలేదన్నదే ఈ మధ్యాహ్నమంతా ఆలోచించాను. మన కచేరీలో మనోధర్మానికి గాయకుడే ముందుంటాడు, వయొలిన్ ఆయన వెంట నడుస్తుంది. ఇక్కడ గాయకులు కాగితం మీద ఉన్న స్వరాలనే పాడుతారు. అప్పటికప్పుడు అల్లే స్వేచ్ఛంతా వాద్యానిది. ఆ స్వేచ్ఛను గార్బారెక్ ఎంత పొదుపుగా వాడుకున్నారో గమనిస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. గొంతులు కదలకుండా నిలిచినచోట ఆయన కదులుతారు, గొంతులు కదిలినచోట ఒకే స్వరాన్ని సాగదీసి ఆగుతారు, ఒక్కోసారి ఐదో గాయకుడిలా వాళ్లలో కలిసిపోతారు. రాతి గోడల మధ్య ప్రతి స్వరమూ ఆగిన తరువాత కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఆయన ఊదే తరువాతి స్వరం ఆ మోగుతున్న పాత స్వరంతో కూడా పొసగాలి.

ఆల్బమ్‌లో ఈ గీతం మూడుసార్లు వస్తుంది, మధ్యలో ఒకసారి శాక్సోఫోన్ లేకుండా. ఈరోజు దాన్ని విడిగా మళ్లీ మళ్లీ విన్నాను. అది సంపూర్ణమైన పాట, దానికి ఏ వాద్యమూ అవసరం లేదు. పాతదానికి కొత్తది తోడైతేనే నిండుదనం వస్తుందని చెప్పేవాళ్లు దీన్ని వినాలని నా కోరిక. లోటు పూడ్చడానికి కాక, వినడంలోని ఆనందం కొద్దీ వచ్చి చేరిన వాద్యం ఇది.

గార్బారెక్‌కు ఇటువంటి సాంగత్యం కొత్త కాదు. అంతకు ముందే తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ చేసిన ‘మేకింగ్ మ్యూజిక్’ ఆల్బమ్‌లో హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన ఊదారు; కర్ణాటక వయొలిన్ నేర్చిన ఎల్. శంకర్‌తో, పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్‌తో ఆల్బములు చేశారు. ఒక్క స్వరాన్ని ఆధారంగా పట్టుకుని నిదానంగా విస్తరించడం ఆయన ఊదే తీరులో స్పష్టంగా వినిపిస్తుంది. రాగం విని పెరిగిన చెవికి ఆయన తొందరగా దగ్గరవడానికి అదే కారణమని నేను అనుకుంటున్నాను.

హిలియర్డ్ గాయకులతో 1999లో వచ్చిన ‘నెమోసిని’ నాకు అంతగా పట్టలేదు. రెండు డిస్కుల నిడివిలో బిగువు సడలింది. 2010 నాటి ‘అఫీషియం నోవమ్’ మాత్రం అర్మేనియా స్వరకర్త కోమితాస్ కీర్తనల వైపు వెళ్లి మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ కీర్తనలలో శాక్సోఫోన్ గొంతు మరింత గరుకుగా, ఆరుబయట పిలుపులా ఉంటుంది. రాత్రి భోజనమయ్యాక దానినే విన్నాను.