కార్తీకమాసంలో నా లైఫ్ సర్టిఫికెట్

నవంబరు వచ్చిందంటే నాకు రెండు పనులు. ఒకటి కార్తీకమాసం, రెండోది లైఫ్ సర్టిఫికెట్. మొదటిదంటే ఎంత ఇష్టమో, రెండోదంటే అంత టెన్షన్. 2024లో ఈ రెండు పనులూ మా వరండాలోనే కలిసిపోయాయి.

మాది రాజమండ్రి. గోదావరి గట్టు మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. మావారు రైల్వేలో గార్డుగా చేశారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022లో పేరు మార్చారు. నాకు మాత్రం గార్డుగారనే పిలుపే బాగుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన క్యారియర్ సర్దిన చేతులివి. ఆయన పోయి ఆరేళ్ళయింది. వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌తోనే నా ఇల్లు నడుస్తుంది. పిల్లలు చూడక కాదు. నా మందులు నేను కొనుక్కుంటే, మనవడికి పండక్కి చొక్కా నా డబ్బుతో తీస్తే, ఆ తృప్తి వేరు. అందుకే ఈ సర్టిఫికెట్ అంటే అంత కంగారు. నవంబరు నెలాఖరులోగా మనం బతికే ఉన్నామని చూపించకపోతే ఆ తర్వాత పెన్షన్ ఆపేస్తారు.

తొలి కార్తీక సోమవారం, నాగుల చవితికి ముందు రోజు, ఉపవాసంతోనే బ్యాంకుకి వెళ్ళాను. జనం బాగా ఉన్నారు. గంటన్నర కూర్చున్నాక నా వంతు వచ్చింది. అక్కడి అబ్బాయి మర్యాదస్తుడే. "మామ్మగారూ, బొటనవేలు పెట్టండి" అన్నాడు. పెట్టాను. పడలేదు. "చూపుడు వేలు పెట్టండి." అదీ పడలేదు. గుడ్డతో తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాసి, పది వేళ్ళూ పెట్టించాడు. ఒక్కటీ పడలేదు. వయసు మీద పడితే చర్మం పొడిబారి గీతలు అరిగిపోతాయట. అరగవా మరి? బూడిదా కొబ్బరి పీచుతో ఎన్నేళ్ళు గిన్నెలు తోమాను, ఎన్ని ఆవకాయలు కలిపాను!

వేలిముద్ర పడనివాళ్ళు కాగితం మీద కూడా ఇవ్వొచ్చు, ఆఫీసరు సంతకం పెడితే చాలు. కానీ ఆ రోజు సంతకం పెట్టాల్సిన ఆయన మీటింగులో ఉన్నారు. గురువారం రమ్మన్నారు. గురువారం వెళ్తే ఆయన సెలవు. ఆటోకి రానూపోనూ డబ్బులు పోయాయి గానీ నా బాధ అది కాదు. నా పక్కన కూర్చున్నావిడ చేతికర్ర పట్టుకుని ఎక్కడో పల్లెటూరి నుంచి వచ్చింది. ఆవిడక్కూడా వేలిముద్ర పడలేదు. మంచినీళ్ళ సీసా చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయింది. ఆ ముఖం నాకు చాలా రోజులు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాళ్ళుండేది హైదరాబాదులో. "అమ్మా, పౌర్ణమికి శుక్రవారం సెలవు, శని ఆదివారాలు కలిసొచ్చాయి. మేమే వస్తున్నాం. ఫోన్లో ముఖం చూపిస్తే అయిపోతుందట, నువ్వింక బ్యాంకుకి వెళ్ళకు" అన్నాడు. సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టి, నేను వెంటనే వత్తులు చేసుకోవడం మొదలుపెట్టాను.

ఈ వత్తుల విషయంలో నాకో అభిప్రాయం ఉంది. పౌర్ణమి నాడు వెలిగించే 365 వత్తులు ఇప్పుడు బజార్లో కట్ట కట్టి, నేతిలో ముంచి మరీ అమ్ముతున్నారు. మా కోడలు అదే తెస్తానంది. తెచ్చుకోవచ్చు, తప్పేమీ లేదు, ఉద్యోగం చేసే పిల్ల. కానీ పత్తి గింజ తీసి, వేళ్ళ మధ్య తిప్పి, ఒక్కో వత్తీ చేసుకుంటూ కూర్చుంటే ఏడాదిలో ఒక్కో రోజూ మన చేతిలోంచి వెళ్తున్నట్టుంటుంది. వేలిముద్రలు పడని ఆ వేళ్ళతోనే 365 చేశాను. ముగ్గురు మనుషులకి ముగ్గురి లెక్క కాదు, ఇంటికి ఒక్క కట్ట చాలు. ఇది మా అత్తగారి మాట.

పౌర్ణమి నాడు తెల్లవారుజామున నదీస్నానం, పగలంతా ఉపవాసం, సాయంత్రం తులసికోట దగ్గర ఉసిరి కొమ్మ పెట్టి దీపాలు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు కూడా ఉపవాసం ఉంటానన్నాడు. పదకొండింటికి రెండు అరటిపళ్ళు తిన్నాడు. పిల్లలకి పళ్ళు తింటే ఉపవాసం చెడదు, ఇది నా మాట. చంద్రుడు కనిపించాక అందరం కలిసి భోంచేశాం. కందబచ్చలి కూర, పులిహోర, చలిమిడి. పులిహోర చింతపండుతో చేస్తేనే పులిహోర. నిమ్మకాయతో చేసేదాన్ని నేను నిమ్మకాయ అన్నం అంటాను.

శనివారం పొద్దున కాఫీలయ్యాక పని మొదలుపెట్టారు. కాగితం లేకుండా ఆధార్‌తో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ అనే ఈ పద్ధతి 2014 నవంబరు 10న వచ్చింది. మొదట్లో వేలిముద్ర, కంటిపాప గుర్తులతోనే జరిగేది. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఇచ్చే వీలు వచ్చింది. అంటే నేను మూడేళ్ళుగా అనవసరంగా బ్యాంకు కుర్చీలో కూర్చున్నానన్నమాట. ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి. ఒకటి ఆధార్ ఫేస్ ఆర్డీ, ఇంకోటి జీవన్ ప్రమాణ్. మొదటిదాన్ని మనం తెరవక్కర్లేదు, ఫోన్లో ఉంటే చాలు, ముఖం చూసే పని అది చేస్తుంది. రెండోది తెరిస్తే ముందు ఆపరేటర్ ఎవరని అడుగుతుంది. ఫోన్ పట్టుకుని పని చేయించే మనిషన్నమాట. మా అబ్బాయి తన ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, తన ముఖం చూపించాడు. ఆ తర్వాత నా వంతు. నా ఆధార్ నంబరు, ఓటీపీ, ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పెన్షన్ రకం, పెన్షన్ మంజూరు చేసిందెవరు, ఇచ్చేదెవరు, పి.పి.ఓ. (పెన్షన్ మంజూరు కాగితం) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు. ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. పి.పి.ఓ. కాగితం మావారి ట్రంకు పెట్టెలో ఉంది. దాని కోసం పెట్టె తెరిస్తే ఆయన పచ్చజెండా, ఎర్రజెండా చుట్టి పెట్టినవి కనిపించాయి. మనవడు పచ్చజెండా తీసి ఊపాడు. కాసేపు పని ఆగింది.

వివరాలు నింపేది మనవడే. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. "మామ్మా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా అని అడుగుతోంది." ఇల్లంతా నవ్వు. మా కోడలు వంటింట్లోంచి బయటికొచ్చేసింది. నేనూ నవ్వాను. కుటుంబ పెన్షన్ కాబట్టి ఆ ప్రశ్న ఉండాలి, అందులో తప్పేం లేదు. గోడ మీద ఉన్న ఆయన ఫోటో వైపు చూసి, "లేదని కొట్టు నాన్నా" అన్నాను.

ఇక ముఖం. ఇక్కడే మాకు పావుగంట పట్టింది. నన్ను హాల్లో కూర్చోబెట్టారు, వెనక పెరటి గుమ్మం తెరిచి ఉంది. వెలుతురంతా వెనక నుంచి రావడంతో నా ముఖం నల్లగా పడింది. కుర్చీ వరండాలోకి మార్చి, వెలుతురు ఎదురుగా వచ్చేలా కూర్చున్నాను. ఈసారి కళ్ళద్దాల మీద మెరుపు. అద్దాలు తీశాను. తెర మీద గుండ్రటి గీత కనిపిస్తుంది, ముఖం అందులో ఇమడాలి. అప్పుడు కళ్ళు ఆర్పాలి. బతికున్న మనిషా, ఫోటోనా అని అది తెలుసుకునేది దాంతోనే. నేను ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాను. మనవడు "మామ్మా, కళ్ళు మూసి తెరువు, నిద్దరొచ్చినట్టు నెమ్మదిగా" అన్నాడు. అలాగే చేశాను. గీత ఆకుపచ్చగా మారింది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది కదా, పనికొస్తుందో రాదోనని నాకు భయంగా ఉండేది. ఏ ఇబ్బందీ రాలేదు.

ప్రమాణ్ ఐడీ అని ఒక నంబరు మెసేజ్‌లో వచ్చింది. అందరం అయిపోయిందనుకున్నాం. ఆదివారం ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసి, రాత్రి బండికి వాళ్ళు వెళ్ళిపోయారు.

కానీ అయిపోలేదు. అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. ప్రమాణ్ ఐడీ వచ్చిందంటే మన కాగితం వెళ్ళిందని మాత్రమే. పెన్షన్ ఇచ్చేవాళ్ళు దాన్ని ఒప్పుకున్నారో లేదో తర్వాత తెలుస్తుంది. జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్లో చూడాలి. మా అబ్బాయి బుధవారం చూస్తే నాది తిరస్కరించారు. నా గుండె జారిపోయింది. నెలాఖరు దగ్గరికొచ్చేసింది, వాళ్ళేమో హైదరాబాదులో. కారణం చూస్తే, పెన్షన్ రకం దగ్గర ఫ్యామిలీ అని పెట్టాల్సింది సర్వీస్ అని, అంటే ఉద్యోగం చేసిన మనిషి సొంత పెన్షన్ అని పెట్టారు. చిన్న పొరపాటే. మనవడు ఫోన్లో ఏడుపు గొంతుతో "సారీ మామ్మా" అన్నాడు. "పెళ్ళి ప్రశ్నకి నవ్వుకుంటూ ఆ పై గడి మనం ఎవరం చూడలేదు, నీ తప్పు కాదు" అన్నాను.

మర్నాడు వాడు బడి నుంచి వచ్చాక నాకు ఫోన్ చేశాడు. పక్కింటి వాళ్ళ ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది, దాన్ని స్పీకర్లో పెట్టి, నా ఫోన్ చేతిలో పట్టుకుని వాళ్ళ వరండాలో కూర్చున్నాను. యాప్‌లు రెండూ మా అమ్మాయి కొనిచ్చిన నా ఫోన్లోనే వేసుకున్నాను. ఆపరేటర్ వేరే మనిషి అవ్వక్కర్లేదట, నాకు నేనే ఆపరేటర్ కావచ్చు. ఈమెయిల్ దగ్గర మా అబ్బాయిది ఇచ్చాం. మనవడు అక్కడి నుంచి ఒక్కో గడీ చెప్తుంటే నేను ఒక్కో అక్షరం నొక్కాను. పెన్షన్ రకం దగ్గర మూడుసార్లు చదివి వినిపించాను. ముఖం మాత్రం ఈసారి ఒక్కసారికే అయిపోయింది, వెలుతురుకి ఎదురుగా కూర్చోవడం నేర్చుకున్నాను కదా. నాలుగైదు రోజుల తర్వాత చూస్తే ఒప్పుకున్నారని ఉంది. ఆ రాత్రి ఆయన ఫోటో దగ్గర దీపం కొంచెంసేపు ఎక్కువ వెలిగింది.

ఫోన్లు లేనివాళ్ళూ ఉంటారు. మా వీధి చివర ఉండే పెద్దావిడకి 84 ఏళ్ళు, మంచం దిగలేదు. ఆవిడకి పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసి వెళ్ళాడు. దానికి 70 రూపాయలు తీసుకుంటారు. 80 దాటినవాళ్ళు నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆవిడ దసరాలోపే ఇచ్చేసి నిశ్చింతగా ఉంది.

పోలి పాడ్యమి డిసెంబరు 2న వచ్చింది. తెల్లవారకుండానే అరటి దొప్పల్లో దీపాలు పెట్టుకుని రేవుకి వెళ్ళాం. చీకట్లో నది నిండా దీపాలు, అవతల వంతెన మీద రైలు వెళ్తున్న చప్పుడు. నా దీపం వదిలి, అరటి దొప్పని చేత్తో నీళ్ళమీద మూడుసార్లు తోసి లేచేసరికి మా వెనక వీధి వదినగారు కనిపించారు. ఆవిడదీ ఫ్యామిలీ పెన్షనే. బ్యాంకులో మూడుసార్లు వేలిముద్ర పడలేదట, నెలాఖరు దాటిపోయిందట, ఇక పెన్షన్ రాదేమోనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. గడువు దాటినా ఇవ్వొచ్చు, ఇచ్చాక ఆగిన డబ్బు కూడా కలిపి వేస్తారు, దిగులు పడకండి అన్నాను. పి.పి.ఓ. కాగితం, బ్యాంకు పుస్తకం, ఆధార్, ఫోన్ తీసుకుని నేరుగా మా ఇంటికి రమ్మన్నాను.

ఎనిమిదింటికి వచ్చారు. ముందు ఇద్దరం కాఫీ తాగాం. పెన్షన్ రకం దగ్గర ఫ్యామిలీ అని ఉందో లేదో ఆవిడ చేత కూడా చదివించాను. తర్వాత కుర్చీ వరండాలోకి లాగి, ఎండ ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, అద్దాలు తీయించి ఫోన్ పట్టుకున్నాను.

"బిగుసుకోకండి వదినగారూ. నిద్దరొచ్చినట్టు నెమ్మదిగా కళ్ళు ఆర్పండి."